రాత్రి పాళీ కుక్క

ఆ కుక్క నాకు దొరికింది పొద్దున పాళీ మారే వేళ. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, ఆ మరమగ్గాల మోత ఇంకా చెవుల్లో ఉండగానే టీ బండి దగ్గర ఆగాను. నా చేతిలో బిస్కెట్ చూసి వెంటపడింది. బతుకుదెరువుకొచ్చిన ఈ పరాయి ఊళ్లో, బమ్రోలి పేటలో, నా గది మూడో అంతస్తు. మెట్లన్నీ ఎక్కి వచ్చి, నేను మంచమెక్కగానే అదీ తలుపు దగ్గర ముడుచుకుంది. మా ఆవిడ చనిపోయిన ఏడాది అది. చాలాకాలం తర్వాత ఆ పగలు నాకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.

అప్పటి నుంచి అదీ నాతోపాటు రాత్రి పాళీ చేసింది. నేను లోపల పోగులు అతుకుతుంటే అది గేటు దగ్గర వాచ్‌మన్‌కు తోడు. పొద్దున ఇద్దరం గదికొచ్చి, తిని, పడుకునేవాళ్లం. మా గల్లీలో రాత్రి పాళీవాళ్లెవరో అడగనక్కర్లేదు, కిటికీలు చూస్తే చాలు. పగటి వెలుతురు రాకుండా రెండు పొరల నల్లగుడ్డ కట్టుకుంటాం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు బతికాం నేనూ, నా కుక్కా.

నిరుడు మా షెడ్డు అమ్మేశారు. ఈ వయసులో నన్నెవరు సాంచాల మీద పెట్టుకుంటారు? కడోదరా దారిలో ఒక గోదాములో బట్టలో లోపాలు చూసి మడతపెట్టే పని దొరికింది. పగటి పని. కుక్కను లోపలికి రానివ్వరు కాబట్టి గదిలోనే ఉంచి తాళం వేసి పోయేవాణ్ణి. ఇక రాత్రయిందంటే దాని ఆట మొదలు. తలుపు గీకడం, మెట్ల మీద ఎవరు కదిలినా మొరగడం. పగలంతా కష్టపడి వచ్చినవాళ్లు ఎన్ని రోజులు ఊరుకుంటారు? గది యజమాని పైకొచ్చి, "కాకా, కుత్తా యా రూమ్, ఏక్ రఖో" అన్నాడు. కుక్కో గదో తేల్చుకోమని. నెలాఖరు దాకా గడువిచ్చాడు.

ఆయనకేం, అనేసి పోయాడు. గది పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, కానీ కుక్కతో వచ్చే ముసలాడికి గది ఎవరిస్తారు? అలాగని దాన్ని వదిలేస్తే, ఇంటికొచ్చి నేను మాట్లాడేదెవరితో? నాకు నిజంగా భయమేసింది. రాత్రి పడుకుంటుందేమోనని దానికి పసుపు వేసిన పాలు తాగించాను. పెరుగన్నం పెట్టాను. ఫోనులో భజనలు పెడితే ఆ పాటకు అది రాగం కలిపింది, పక్కగదివాళ్లు గోడ మీద గుద్దారు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నిద్రే రానివాడికి ఏ సామెతా పనికిరాదు.

ఎదురు గదిలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉంటుంది. వసారాలో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. ఒకరోజు నేను తాళం వేస్తుంటే పిలిచింది.

"అన్నా, జర ఆగు. కిటికీకి గా నల్లగుడ్డ ఇంకెందుకే?"

"ఎప్పటికి ఉండేదే గద చెల్లె."

"నువ్వు రాత్రి పాళీ చేసినన్నొద్దులు సరే. ఇప్పుడు నువ్వు పోయినంక లోపల ఉండేదెవలు? గా కుక్కనే నాయె. పొద్దంత దానికి చీకటి చేసి పోతవ్, రాత్రి పండుకుంటలేదని తిడ్తవ్. గిదేం ఇచ్చంత్రమే!"

ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని కట్టిన గుడ్డ. ఇప్పుడు పగలు ఆ గదిలో నిద్రపోయేది నేను కాదన్న సంగతి నా చేతులకు తోచనే లేదు. అక్కడికక్కడే లోపలికెళ్లి దాన్ని పీకేశాను.

ఆ రోజు నుంచి కుక్క పగలంతా ఆమె దగ్గర వసారాలో. కునుకు తీస్తే కాలితో తట్టి, "లే, పండుకుంటె మీ నాయినకు రూమ్ ఉండది" అని బెదిరించేదట. సాయంత్రం నేను రాగానే ఖాడీ కాలువ గట్టు వెంట అది అలసిపోయేదాకా తిప్పి, పెందలాడే అన్నం పెట్టేవాణ్ణి. నెల తిరగకముందే అది చీకటి పడగానే పడుకోవడం నేర్చుకుంది. యజమాని వచ్చి చూసి, "అబ్ ఠీక్ హై, కాకా" అని నవ్వుతూ మెట్లు దిగిపోయాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

దాని గొడవ తీరాక నా సంగతి బయటపడింది. ఇన్నాళ్లూ అది నన్ను నిద్రపోనివ్వడం లేదనుకున్నాను. నాకే నిద్ర లేదు. అది మొరిగితే లేచి తిట్టేవాణ్ణి, నీళ్లు పెట్టేవాణ్ణి, అవీ ఇవీ చెప్పేవాణ్ణి, అలా రాత్రి గడిచిపోయేది. ఇప్పుడు పాండేసరా వైపు నుంచి వచ్చే సాంచాల మోత వింటూ పడుకుంటాను. అక్కడ వేలమంది మేలుకొని ఉన్నారు, వాళ్లకు పని ఉంది.

మొన్న రాత్రి ఉండబట్టలేక "బిడ్డా" అని మెల్లగా పిలిచాను. చెవి కదిలింది గానీ కళ్లు తెరవలేదు. ఇంకొక్కసారి పిలిస్తే లేస్తుంది, లేస్తే మొరుగుతుంది. నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని, దానికి మెలకువ రాకుండా ఏడ్చాను.