ముందే బయలుదేరిన సంచి

2023 వేసవి. హిందూపురంలో అద్దె కారు నడుపుతున్నాను. మా దగ్గర ‘హాస్పిటల్ ట్రిప్’ అంటే మనిషిని బెంగళూరు ఆసుపత్రిలో దింపి, పని అయ్యేదాకా ఆగి, తిరిగి ఇంటికి చేర్చడం. పెనుకొండ నారాయణరెడ్డి అట్లాంటి ట్రిప్పే మాట్లాడుకున్నాడు. రోగమేమీ లేదు. కూతురు శ్రావణికి జయనగర్‌లోని ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. గురువారం ఉదయం పది గంటలకు. ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వమని ముందే చెప్పారట.

వేకువనే ఇద్దరూ పెనుకొండలో కారెక్కారు. “సర్టిఫికెట్లు తీసుకున్నావామ్మా?” అన్నాను. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది.

“హిందూపురంలో మా అక్క ఇంట్లో ఉండాయప్పా,” అన్నాడు ఆయన. “గురువారం దక్షిణానికి శూల, ఆ దిక్కుకు బయలుదేరకూడదు కదా. నిన్ననే సంచి పంపి ప్రస్థానం పెట్టినా.”

ప్రస్థానమంటే మంచిరోజు చూసి సామాను ముందుగా మరో ఇంటికి చేర్చడం. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. మనిషి పెనుకొండలో, ఆమె చదువు కాగితాలన్నీ హిందూపురంలో! నాకు ఒళ్ళు మండింది. అయినా బండిని హైవే నుంచి హిందూపురం వైపు తిప్పాను.

మేం చేరేసరికి ఆరున్నర. మేనత్త గడపకు అడ్డంగా నిలబడింది.

“యమగండం నడుస్తాండాది. ఏడున్నర దాకా సంచి గడప దాటనీయను.”

“అత్తా, టైముకు పోకుంటే ఉద్యోగం పోతాది,” అంది శ్రావణి.

“ప్రాణం కంటే ఉద్యోగం ఎక్కువనా పాపా?”

నేను కారు దిగాను.

“అక్కా, ఒక్క మాట. ఈ ప్రయాణం ఎప్పుడు మొదలైంది?”

“నిన్న. బుధవారం, మంచి గడియలో.”

“నిన్న మొదలైన ప్రయాణానికి ఈ పొద్దు యమగండం ఎట్ల తగులుతుంది? తగులుతుందంటే మీ ప్రస్థానం ఉత్తిది. ప్రస్థానం నిజమంటే యమగండానికి ఈడ పని లేదు. ఏది నిజమో మీరే చెప్పండి.”

ఆమె తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు నేల చూశాడు.

“డ్రైవరువా, లాయరువా నువ్వు?” అంటూ లోపలికి పోయి సంచి తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టింది.

యలహంక దాటాక పీక్ అవర్, అంటే ఊరంతా ఒక్కసారే రోడ్డెక్కే సమయం. యశ్వంతపూర్ దగ్గర బండి ఆగిపోయింది. ఎదురుగా మెట్రో స్టేషన్ మెట్లు కనిపిస్తున్నాయి.

“దిగిపో తల్లీ. పచ్చ లైన్. అదే నేరుగా జయనగర్ పోతుంది, రైలు మారే పని లేదు.”

“ఒక్కతేనా? ఇంత ఊర్లో తప్పిపోతేనో?” అన్నాడు తండ్రి. మోకాళ్ల నొప్పితో ఆ మెట్లెక్కడం ఆయనవల్ల కాదు.

“నాయనా, తప్పిపోతే ఫోన్ చేస్తా,” అని సంచి చంకన పెట్టుకుని ఆ పిల్ల కార్ల మధ్య నుంచి నడిచిపోయింది.

మేం ఆసుపత్రి చేరేసరికి పది ఎప్పుడో దాటింది. మధ్యాహ్నం శ్రావణి గేటు బయటికి వచ్చింది. ముఖం చూడగానే తెలిసిపోయింది.

“తీసుకున్నారు నాయనా. ఒకటో తేదీ నుంచి డ్యూటీ.”

ఆయన ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. కారెక్కబోతూ అడిగాడు: “ఏ పక్క రైలెక్కాలో ఎట్ల తెలిసింది పాపా?”

“బోర్డు చదివినా.”

అప్పటిదాకా మూఢనమ్మకం కనబడితే ఎగతాళి చేసేవాణ్ణి. ఎగతాళికి ఒక్క గడప కూడా తెరుచుకోలేదు. ఎదుటివాళ్ల శాస్త్రాన్ని వాళ్ల చేతనే చివరిదాకా చెప్పించాలి. నడుమ ఎక్కడో అది తనకు తానే అడ్డం తిరుగుతుంది. అప్పుడు మనం చేయవలసిందల్లా బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉండటమే.