ఒక్కసారిగా ఆపని మావయ్య

మా మావయ్య దేన్నీ ఒక్కసారిగా ఆపడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు. లోపల నిలబడ్డ ముసలమ్మ కూడా తూలకుండా ఆపేవాడని పేరు. బస్సు దిగినా ఆ బ్రేకు మాత్రం కాలికే అతుక్కుపోయింది. ఫ్యాను కట్టేయాలంటే ఐదు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు, ఒక్కో అంకె దగ్గరా కాసేపు మజిలీ. అత్తయ్యతో పోట్లాట కూడా అంతే. ముందు అరుపు, తర్వాత గొణుగుడు, ఆపైన నిట్టూర్పు. ఈలోగా ఆవిడ వండి, తిని, ఒక కునుకు తీసి లేస్తుంది.

"ఇంకా అవలేదా?" అంటుంది.

"దిగుతున్నానే, తొందరపెట్టకు!"

నాది బట్టలు కుట్టే కొట్టు. కీళ్ళవాపుకని మూడేళ్ళుగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నాను. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఒకరోజు పాత ఖాతాదారు ఒకావిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "మీ చెల్లెలు లేదా? సన్నగా ఉంటుందే, ఆ అమ్మాయే బాగా కుడుతుంది" అంది. ఆ సన్నటి అమ్మాయిని నేనే! నాకు దిమ్మ తిరిగిపోయింది. ఎవరికీ చెప్పకుండా మాత్రల సీసా చెత్తబుట్టలో పారేశాను.

నాలుగో రోజు వాంతులు, చెమటలు. మిషను మీదే వాలిపోయాను. పక్క కొట్టు ఇస్త్రీ ఆయన ఆసుపత్రికి చేర్చాడట. కళ్ళు తెరిచేసరికి ఒకపక్క డాక్టరమ్మ, ఒకపక్క మావయ్య. మాత్రలు పారేశానని చెప్పక తప్పలేదు.

"ఇన్నేళ్ళు వాడినవి ఉన్నపళంగా మానేస్తారా?" అంది డాక్టరమ్మ. "ఒంట్లో ఊరాల్సింది మాత్ర రూపంలో వస్తోంది కదాని ఒళ్ళు దాన్ని తయారుచేయడమే మానేసింది. మళ్ళీ మొదలెట్టడానికి దానికి టైమివ్వాలి. ప్రాణం పోయేదమ్మా!"

మావయ్య మొహం పాలిపోయింది. "ఒక్కసారిగా ఆపిందా? మా ఇంటి పిల్లా?"

మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, ఎన్ని వారాలకు ఎంత తగ్గించాలో డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. జ్వరమొచ్చినా, వాంతులైనా వెంటనే రమ్మంది. మావయ్య ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"పది నుంచి సున్నాకి ఇన్ని నెలలా? అమ్మా, మీరు బస్సు నడిపుంటే ఒక్కడూ ఇల్లు చేరేవాడు కాదు!"

అన్నాడే గానీ, తనకంటే నెమ్మదైన మనిషి దొరికిందని ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఇక రోజూ పొద్దున్నే మా గుమ్మంలో హాజరు. "మింగావా? ఏదీ, నోరు తెరు!" మోతాదు తగ్గిన వారమల్లా కీళ్ళు సలిపేవి. అది చాలదన్నట్టు వీధి వీధంతా నన్నే గుచ్చిగుచ్చి చూసేది. ఇస్త్రీ ఆయన, పాలావిడ, చెప్పులు కుట్టే తాత. నా ఉబ్బు మొహం అంత వింతైపోయిందా అని తల వంచుకుని నడిచేదాన్ని.

ఒక పొద్దున పాలావిడ గిన్నెలో పాలు పోస్తూ, "ఈ వారం నుంచి నాలుగే కదక్కా?" అంది.

"ఏం నాలుగు?"

"అదే, మిల్లీగ్రాములు."

గిన్నె చేతిలోంచి జారింది. ఆవిణ్ణే అడిగితే తేలింది, మావయ్య డాక్టరమ్మ కాగితానికి నకళ్ళు తీయించి వీధంతా పంచాడు! మండిపడుతూ వాళ్ళింటికెళ్ళాను.

"నా మందుల సంగతి ఊరంతా చాటుతావా మావయ్యా?"

ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తీశాడు. "ఆ రోజు నిన్ను మోసుకెళ్ళిన ఇస్త్రీ అబ్బాయిని, ఏం మందులు వాడుతోందని ఆసుపత్రిలో అడిగారే. పాపం వాడికేం తెలుసు? నేనొచ్చి చెప్పేదాకా గంటసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ పడిపోతే నేను పక్కనుంటానో లేదో. ఎవరో ఒకరు చెప్పాలి కదే పిచ్చిదానా."

వెనక్కి తిరిగి కొట్టుకి వచ్చాను. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కనపెట్టి పరుగున వచ్చాడు.

"అక్కా, కళ్ళు తిరుగుతున్నాయా? వాంతొస్తోందా?"

"లేదయ్యా."

"మరి ఏడుస్తున్నావేంటి? అది కాగితంలో లేదే!"