అవతలి ఒడ్డున పర్సిస్

పర్సిస్‌కి ఈత రాదు. నరసాపురం దగ్గర కాలవ గట్టున పుట్టి పెరిగినా, యాభై ఏళ్లు దాటేవరకూ మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఎరగదు. అలాంటి మనిషి అమెరికాలో, ఉత్తర జార్జియా కొండల్లో, బండరాళ్ల మధ్య ఉరికే చల్లటి నదిలో నిలబడి ట్రౌట్ చేపలు పడుతోందంటే వాళ్లుండే అల్ఫారెట్టా ఊళ్లోని తెలుగు చర్చిలో ఎవరూ నమ్మలేదు. పట్టిన చేపని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తుందని తెలిశాక నమ్మినవాళ్లు కూడా నవ్వారు.

"పులుసు పెట్టుకోని చేపని పట్టడమెందుకక్కా?" అని అడిగేవారు.

మూడేళ్ల కిందట ఆమెకి కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. ఆ తరవాత చాలాకాలం కుడి చెయ్యి భుజం పైకి లేవలేదు. ఆసుపత్రి ల్యాబ్‌లో రోజుకి నలభై మందికి నరం వెతికి రక్తం తీసే చెయ్యి అది. గాలం విసరడం ఆ భుజానికి మంచి వ్యాయామమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పి, చేపలు పట్టడం నేర్పే డోనా అనే ఆవిడ దగ్గరికి పంపింది. డోనాకి డెబ్బై ఏళ్లు. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి.

డోనా మొదటి నెలంతా గాలం ముట్టుకోనివ్వలేదు. నదిలో నడవడం నేర్పింది. పాదం ఎత్తకూడదు, జరపాలి. ముందు కర్ర ఆనాలి, తరవాతే కాలు కదపాలి. ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి పక్కకి నడవాలి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు మీద బెల్టు బిగించాలి, లేకపోతే పడినప్పుడు అందులో నీళ్లు నిండుతాయి. పడితే నిలబడాలని చూడకూడదు; పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే నడుం లోతు నీళ్లు కూడా మనిషిని ముంచేస్తాయి. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకి చాపి, నీళ్లు తీసుకెళ్లినంత దూరం వెళ్లాలి.

ఈ పాఠాలన్నీ పర్సిస్ రాత్రి భోజనాల దగ్గర భర్త ప్రేమానందానికి అప్పజెప్పేది.

"ఇవన్నీ నాకెందుకు పర్సిసూ? వింటుంటేనే నాకు బీపీ పెరుగుతోంది" అనేవాడాయన.

మొన్న ఏప్రిల్‌లో ఒక శనివారం డోనాకి మోకాలు నొప్పి చేసింది. పర్సిస్ ఒక్కతే వెళ్తానంటే ప్రేమానందం ఒప్పుకోలేదు. తానే డ్రైవ్ చేశాడు. మడత కుర్చీ, టీ ఫ్లాస్కు, పెరుగన్నం డబ్బా పట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు. సెల్ సిగ్నల్ అందని లోయ అది.

నది ముప్పై గజాల వెడల్పుంటుంది. అవతల కొండ గోడలా నిలబడి ఉంది, దాని కింద మడుగు, మడుగు పక్కన మనిషి నిలబడేంత రాతి చప్టా. ఆ మడుగులో ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్‌ని ఆమె అంతకుముందు రెండుసార్లు చూసింది. నీళ్లు తొడల దాకే ఉన్నాయి. దాటడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ప్రేమానందం కుర్చీలో కూర్చోలేదు. ఆమె కర్ర జారినప్పుడల్లా "ప్రభువా" అన్నాడు.

గంట తరవాత చేప పడింది. పసుప్పచ్చటి పొట్ట, పక్కల మీద ఎర్రటి చుక్కలు. పర్సిస్ తడి చేతులతో దాన్ని నీళ్లలోనే పట్టుకుంది. అరచేతిలో దాని బలం తెలిసింది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వణకలేదు. వేళ్లు సడలించగానే చేప లోతుల్లోకి వెళ్లిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తే అవతల ప్రేమానందం చప్పట్లు కొడుతున్నాడు. నది హోరులో చప్పుడు మాత్రం వినబడలేదు.

అప్పుడే కాళ్ల పక్కనుంచి ఆకులు కొట్టుకురావడం గమనించింది. ఆకుల వెనకాల పుల్లలు వచ్చాయి. అద్దంలా ఉన్న నీళ్లకి టీ రంగు తిరిగింది. తల మీద ఎండ కాస్తూనే ఉంది, కానీ పైన కొండల్లో ఎక్కడో వాన పడింది. దాటేటప్పుడు గుర్తు పెట్టుకున్న బల్లపరుపు బండ నీళ్లలో మునిగిపోయింది.

ఆమె ఒక అడుగు దించింది. మోకాలి దగ్గర ఎవరో పట్టి లాగినట్టయింది. కర్ర అదిరింది. అడుగు వెనక్కి తీసుకుని చప్టా మీదికెక్కింది. దాటకూడదు. నీళ్లు తగ్గేదాకా, రేపటిదాకా అయినా, ఇక్కడే ఉండాలి. ఆ మాట భర్తకి తెలియాలని రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపింది.

ప్రేమానందం బూట్లు విప్పడం చూసి ఆమెకి ప్రాణం పోయినంత పనైంది.

"వద్దండీ! దిగొద్దు!" అని అరిచింది. నది ఆ అరుపుని మింగేసింది.

ఆయన మూడడుగులు వేశాడు. నాలుగో అడుగుకి కాళ్లు పైకి లేచాయి. తల మునిగింది. మళ్లీ కనబడేసరికి ఇరవై గజాలు కిందికి పోయాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. "పడుకోండి! నిలబడొద్దు!" అని ఆమె గొంతు చిరిగేలా అరుస్తూనే ఉంది. అంతలో రెండు పాదాలు నీళ్ల మీదికి తేలడం చూసింది. ఆ పాదాలతోనే ఆయన వంపు తిరిగి కనుమరుగైపోయాడు.

దూకాలనిపించింది. దూకితే ఇద్దరమూ పోతామని తెలుసు. కొండ గోడ పక్కన పొదల్లో దారి లేదు. పర్సిస్ గాలం అక్కడే పారేసి, కొమ్మలు పట్టుకుని, చాలాచోట్ల చేతుల మీద పాకింది. పరిగెత్తడానికి లేని చోట ఒక్కొక్క అడుగే వెయ్యడం ఎంత నరకమో ఆ రోజు తెలిసింది. నోటికి ప్రార్థన రాలేదు. ఆయన పేరు ఒక్కటే వచ్చింది.

ఇరవై నిమిషాలకి వంపు దాటింది. అవతలి ఒడ్డున గులకరాళ్ల దిబ్బ మీద ప్రేమానందం కూర్చుని ఉన్నాడు. నుదుటి నుంచి రక్తం కారుతోంది. ఆమెని చూసి చెయ్యెత్తాడు.

కిందికి అరమైలు దూరంలో కొండల్లో నడవడానికి వచ్చేవాళ్ల కోసం వేసిన చెక్క వంతెన ఉంది. ఆమె అటు చూపించింది. చెరో ఒడ్డునా ఇద్దరూ నడిచారు. చెట్ల వెనక ఆయన కనబడనప్పుడల్లా ఆగి, కనబడ్డాకే కదిలింది.

వంతెన మధ్యలో కలుసుకున్నారు. ముందుగా ఆమె ఆయన నుదుటి గాయం మీద వేళ్లు నొక్కి పట్టింది, అలవాటైన చేత్తో.

"పిలిచావు కదా, అందుకే దిగాను" అన్నాడు పళ్లు కటకటలాడుతుంటే.

"రావద్దన్నానండీ! చేతులు అడ్డంగా ఊపితే పిలవడమా?"

"నాకేం తెలుసు? నీకేదో అయిందనుకున్నా."

"వెల్లకిలా పడుకోమని ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే కదా. అన్నం తిననివ్వకుండా చెప్పావ్."

పర్సిస్ ఆయన భుజం మీద ఒక్కటి వేసి, ఆ భుజం మీదే ఏడ్చింది.

నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి, ఒక పక్కటెముక చిట్లింది. సోమవారం ల్యాబ్‌లో ఒక ముసలాయన నరం మీద సూది పెట్టబోతే ఆమె చెయ్యి ఆగిపోయింది. పక్క అమ్మాయిని పిలవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. ఇక నది వద్దనుకుని, ఆ మాటే డోనాకి ఫోన్ చేసి చెప్పింది. డోనా కాదనలేదు. "నువ్వు దాటకుండా ఆగావు. పాతికేళ్లు నాతో చేపలు పట్టిన స్నేహితురాలు ఆగలేదు, ఒడ్డు చేరలేదు" అని మాత్రం అంది. ఆ స్నేహితురాలి సంగతి అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

అయిదు వారాల తరవాత ప్రేమానందమే అడిగాడు. ఫోన్‌లో ఆ నది నీటిమట్టం రోజూ చూస్తున్నాడని ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఈ వారం తక్కువుంది. పైన వాన కూడా లేదు. వెళ్దామా?"

"మీరు ఒడ్డు దిగనంటేనే."

"ఒట్టు. ఒక ఈల కొన్నాను. ఒకసారి ఊదితే రా అని, మూడుసార్లు ఊదితే రావద్దని. నీకూ ఒకటి కొన్నా."

ఆ శనివారం ఆమె మోకాలి లోతు దాటలేదు. నీళ్లు తగలగానే కర్ర మీద వేళ్లు తెల్లబడ్డాయి. వెనక్కి వచ్చేద్దామని రెండుసార్లు తిరిగింది. మూడోసారి తిరగకుండా నిలబడి గాలం విసిరింది. భుజం నొప్పి లేకుండా లేచింది. ఒక్క చేపా పడలేదు. గంటసేపు అలాగే ఉండి, పాదాలు జరుపుకుంటూ ఒడ్డుకొచ్చింది. ప్రేమానందం టీ పోసి చేతికిచ్చాడు.