ఆగ్నేయంలో పొయ్యి, హాస్టల్లో పొగ

నిజానికి ఇది రాయకూడదనే అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, కడుపునిండా పొగ తాగి, చొక్కాకి రెండు చిల్లులతో ఇంటికొచ్చినవాడికి ఆ వైభవమంతా మళ్ళీ కూర్చుని రాయాలనిపించదు. కానీ నగరం నడిబొడ్డున కట్టెల పొయ్యి మీద చెరకు పాకం కాస్తున్నారట, ఎలా వెళ్ళాలి అని ముగ్గురు నలుగురు అడిగారు. వాళ్ళయినా నాలా బలికాకూడదని రాస్తున్నాను.

మా చెల్లెలు వరలక్ష్మి, బావగారు శేషగిరిరావు అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఒక గల్లీలో పాత డాబా ఇంట్లో ఉంటారు. పిండివంటలు చేసి అమ్మడం వాళ్ళ వ్యాపారం. బావగారు రిటైరయ్యాక ఫోనులో వీడియోలు చూడటం మొదలెట్టారు. చలిదేశాలవాళ్ళు మేపుల్ చెట్ల రసం కాచే పొయ్యి ఒకటి ఆయన కంటపడింది. పొడుగాటి పెనం, అందులో అరలు. పల్చటి రసం ఒక కొసన పోస్తే మలుపులు తిరుగుతూ రెండో కొసకి చిక్కటి పాకమై చేరుతుంది. మనకి ఆ చెట్టు లేకపోతేనేం, చెరకుంది కదా అని వెల్డింగ్ షాపులో అలాంటిదే చేయించారు. అక్కడితో ఆగినా బాగుండేది.

"అన్నయ్యా, నువ్వు బెల్లం పొయ్యిల దగ్గరే పెరిగావు కదా, ఒక్కసారి రా," అని శనివారం వరలక్ష్మి ఫోను చేసింది. "పక్క హాస్టల్ ఓనరు యాదగిరి గారు రేపొక్కరోజు చూస్తానన్నారు. మళ్ళీ వాళ్ళ గదుల్లోకి పొగ వెళ్ళిందంటే కంప్లయింటు ఇచ్చి పొయ్యి తీయించేస్తారట. గ్యాసు మీద ఇంత రసం ఎప్పటికి మరిగేను? ఈ పాకం కోసమే జనం వస్తున్నారు నాకు."

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటకి ముప్పావుగంట. పొద్దున కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికింది. స్టేషన్ బయట ఆటో యాభై అడిగింది. నడిస్తే పావుగంట దారి. నా మోకాళ్ళ మొహం చూసి ఎక్కాను. దారి పొడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఈ పేటలో నేర్పని విద్య లేదంటారు. నేను బోర్డులన్నీ చదువుకుంటూ వెళ్ళాను, పొయ్యి ఎగదోయడం మాత్రం ఎక్కడా కనబడలేదు. నలభై రోజుల్లో కంప్యూటరు నేర్పేవాళ్ళు నాలుగు పుల్లలు మండించడం నేర్పకపోవడం నాకు దేశానికి సంబంధించిన విషయంలాగే తోచింది. సగం దారిలో ఆటో ఆగింది.

"గా గల్లీలకు బండి పోదు తాతా, జర ఈడ్నే దిగు."

"యాభై అన్నావు కదా, ఇంటిదాకా కదా?"

"యాభై గిక్కడిదాంకనే. ఇంటిదాంక అంటే నువ్వే ఉరుకాలె."

ఉరికాను. నేను చేరేసరికి జ్యూసు బండివాడు పిండి ఇచ్చిన చెరకు రసం క్యాన్లలో సిద్ధంగా ఉంది. పెరట్లో తూర్పుగోడకి ఆనుకుని, ఆగ్నేయ మూల రేకుల షెడ్డులో పొయ్యి. కట్టెలు పెట్టే మూతి పడమరకి, పొగగొట్టం తూర్పు కొసకి. ఆ గొట్టాన్ని కౌగిలించుకున్నట్టు వెనకే అయిదంతస్తుల హాస్టల్. చలికాలం గాలి తూర్పునుంచి వచ్చి, హాస్టల్ నెత్తి మీదుగా దూకి, సరిగ్గా ఆ గోడ అడుగున సుడి తిరుగుతోంది. పొగ పైకి లేచేదెలా?

"బావగారూ, గొట్టం అటు ఎందుకు పెట్టారు?"

"వండేవాళ్ళు తూర్పుకి తిరిగి వండాలి కదా బావగారూ! మూతి పడమరకుంటేనే తూర్పుకి తిరిగి కూర్చుంటాం. సిద్ధాంతి గారిని అడిగే పెట్టించాను."

"గాలిని కూడా అడగాల్సింది."

"అగ్నిది ఆగ్నేయమండీ. అందులో మార్పు లేదు."

సరే, ఉన్నదాంతోనే కుస్తీ పట్టాను. రసం రెండు వేళ్ళ లోతు పోయించి, కట్టెలు సన్నగా చీల్పించి, బూడిద తలుపు బార్లా తీసి, గొట్టంలో గాలిని అదుపు చేసే రేకు బిళ్ళ పూర్తిగా తెరిచాను. మంట రెండు నిమిషాలు నవ్వి, మూతి ముడుచుకుంది. గొట్టం గాలి లాగకపోతే కట్టె మండదు, ఉడుకుతుంది. రసం తెర్లకుండా ఆవిరి కక్కుతూ ఎర్రబడటం మొదలెట్టింది. ఎంతసేపు అలా నానితే పాకం అంత నల్లబడుతుంది. వరలక్ష్మి బెండమొక్కల జిగురు పోసి, పైకి తేలిన మడ్డి తీస్తూనే ఉంది. నేను వద్దని చేయి చూపించేలోపే బావగారు నాలుగు లావాటి దుంగలు లోపలికి తోసేశారు.

"మంట తక్కువైతే కట్టెలు వెయ్యాలి కదండీ!"

"ఊపిరాడనివాడి నోట్లో లడ్డూ కుక్కుతారా?"

దుంగలు కక్కిన పొగ గొట్టం దాకా వెళ్ళి, మనసు మార్చుకుని, హాస్టల్ గోడ పట్టుకుని మెట్లెక్కినట్టు ఒక్కో కిటికీలోకీ దూరింది. పైనుంచి దగ్గులు. గేటు దగ్గర్నుంచి యాదగిరి గొంతు.

"రావుసాబ్! ఏంది గిది? పిల్లలు చదువుకుంటున్రా, దోమల లెక్క సస్తున్రా? ఇగ నాతోని కాదు. రేపే కంప్లయింట్ ఇస్త!"

"గొట్టం మీ గోడకి బిగించి పైదాకా లేపుకుంటాం. దానికి ఒప్పుకోండి," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నా బిల్డింగ్‌కి గా మూల నైరుతి! నైరుతిల పొగగొట్టం పెట్టనిస్తనా? మీకు వాస్తు ఉన్నది, నాకు లేదా పెద్దాయనా?"

ఒక గోడకి ఇటు ఆగ్నేయం, అటు నైరుతి. మధ్యలో నేను, దగ్గుతూ. పొయ్యి తిప్పేసి, గొట్టం పడమరకి, వీధివైపు పెట్టమని బతిమాలాను. అప్పుడు ఎగదోసేవాడు పడమరకి తిరిగి కూర్చోవాల్సి వస్తుందని బావగారు ససేమిరా అన్నారు. మధ్యాహ్నం దాటితే క్యాన్లలో రసం పులుస్తుంది. ఇద్దరికీ దిక్కులున్నాయి కానీ నాకు దిక్కులేదు.

గరిటె పక్కన పెట్టి వరలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, వండేది ఎవరు?"

"నువ్వే."

"నేను పెనం పక్కన నిలబడతాను. ఏ దిక్కుకైనా తిరగొచ్చు, తూర్పుకే తిరుగుతాను. కట్టెలు తోసేవాడు కూలివాడు, వంటవాడు కాదు. కూలివాడికి కూడా దిక్కు పెట్టారా సిద్ధాంతి గారు?"

బావగారు పక్కకి జరిగి పొయ్యికి దారిచ్చారు. యాదగిరి పకపకా నవ్వి చొక్కా చేతులు మడిచాడు. "వదినమ్మ కరెక్ట్ చెప్పింది. పొయ్యి కాడ నేన్ కూసుంట. నాకు పడమర అంటే ఫికర్ లేదు. పొగ నా కిటికీలకు పోతదా పోదా నా కండ్లతోనే చూస్త."

రసం గిన్నెల్లోకి తోడి, నిప్పులు బయటికి లాగి, హాస్టల్ నుంచి వచ్చిన ఇద్దరితో కలిసి పొయ్యిని తిరగలిలా తిప్పాం. నా చొక్కా చిల్లులు అప్పటివే. మిగిలిపోయిన రేకు గొట్టాలు రెండు తగిలించి షెడ్డు కప్పు దాటించాను. మళ్ళీ అంటించగానే గొట్టం హోరుమంది. ఇప్పుడు దాని పొగరు ఇంకో రకం. రేకు బిళ్ళ సగం మూసి, సన్న పుల్లలు కొద్దికొద్దిగా వేయిస్తే గానీ పెనం అంచు మాడకుండా ఆగలేదు. నురగ పొంగినప్పుడల్లా వరలక్ష్మి తూర్పుకి తిరిగి ఒక్క ఆముదం చుక్క వేసింది. మూడింటికి పాకం గరిటె నుంచి తీగలా జారింది. రంగు కొంచెం ముదురు, రుచికి వంక లేదు. యాదగిరి పైకి చూసి, వేలు నాకి, "ఇగ కంప్లయింట్ లేదు పోండ్రి," అన్నాడు.

నిప్పుకి మనం మూల కేటాయించగలం గానీ, గాలికి చిరునామా రాసివ్వలేం. నలభై ఏళ్ళు ఆఫీసులో కుర్చీ ఎటు తిప్పమంటే అటు తిప్పుకున్న మనిషి పొయ్యి దగ్గరకొచ్చేసరికి ఇంత పట్టుదల ఎందుకు చూపిస్తాడో నాకిప్పటికీ అంతుపట్టదు. వెళ్ళదలచినవాళ్ళు ఆదివారం పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళండి, నూలు బట్టలే కట్టుకోండి. మీరే ఇంట్లో ఇలాంటిది పెట్టాలనుకుంటే, కట్టె అంటించేముందు ఒక అగరువత్తి వెలిగించి గొట్టం అడుగున పట్టుకోండి. పొగ పైకి పోతే సరే. మీ మొహం మీదకి వస్తే ఆ పూట గ్యాసు వెలిగించుకోండి.

ఆ రోజు నేను చెప్పులేసుకుంటుండగా, వీధికి అవతలి మేడలో రెండో అంతస్తు ఆవిడ బాల్కనీలోకి వచ్చింది. ఆరేసిన చీర ఒకటి తీసి వాసన చూసింది. బట్టలన్నీ తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.