చిన్ని ఎవరు?

మాది ఛత్రినాక. కిడ్నీలు పాడైన మా తమ్ముడు శ్రీను డయాలసిస్ జరుగుతున్నంతసేపూ ఫోన్‌లో ఒక ఆట ఆడేవాడు. అందులో వింత జీవులను పట్టుకుని, సాది, పోటీలకు తయారు చేయాలి. వాడి జీవి పేరు చిన్ని. ఆడినకొద్దీ వచ్చే పాయింట్లను బలానికో వేగానికో వేయకుండా అన్నీ దాని ప్రాణానికే వేసేవాడు.

"బలం లేకుంటే ఎట్ల గెలుస్తదిరా?" అన్నాను ఒకసారి.

"గెలుసుడెందుకక్కా, బతికుంటే సాలు," అన్నాడు.

పోయినేడు వాడు పోయాడు. మూడో రోజు కాకి ముట్టాలని పిట్టకు పెట్టాం. వాడికిష్టమైన బిర్యానీ, మిర్చి బజ్జీ విస్తట్లో పెట్టినా ఒక్క కాకీ దిగలేదు.

"పోరని మనసుల ఏదో కోరిక ఉండిపోయింది," అన్నారు పెద్దలు.

నాకు ఉండబట్టలేదు. దండం పెట్టి, "శ్రీనూ, ఫికర్ చెయ్యకురా, చిన్నిని నేను సాదుకుంట," అన్నాను గట్టిగా.

అందరూ గిరుక్కున నావైపు తిరిగారు. పెళ్లికాని వాడికి చాటుగా బిడ్డ ఉందనుకున్నారు.

"చిన్ని ఎవరే? ఏందీ లొల్లి?" అని మేనమామ అరిచాడు.

అమ్మ మాత్రం నా చేయి గట్టిగా పట్టుకుంది. "ఏడుందే? నా కొడుకు బిడ్డ ఏడుందే?"

ఆ కళ్లలో ఆశ కనిపించింది. వాడి ఫోన్ తీసి చిన్నిని చూపించాను. అమ్మ ఆ బొమ్మను చూస్తూ కూలబడింది. వెనకాల కాకి ఎప్పుడు ముట్టిందో మేమెవరమూ చూడలేదు.

ఇప్పుడు ఆ ఆట నేను ఆడుతున్నాను. పాయింట్లన్నీ ప్రాణానికే వేస్తున్నాను. అది ఫోన్‌లో బొమ్మేనని తెలిసి కూడా అమ్మ రోజూ పొద్దున్నే అడుగుతుంది:

"చిన్ని మంచిగున్నదా?"