వెదురు బొంగు దగ్గర ఆగిన మంత్రి

గూడెం కొత్తవీధి దగ్గర ఓ కొండ ఊళ్లో పాంగి దేముడమ్మ బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. గిరిజనుల ఇటుకల పండక్కి మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పట్టి వచ్చే బళ్లను ఆపుతారు. డబ్బులిస్తేనే దారి, లేదంటే వాళ్లతో కలిసి థింసా నాట్యం ఆడాలి. ఏటేటా ఆ బొంగు కొస దేముడమ్మ చేతిలోనే ఉంటుంది.

ఈసారి తెల్ల కార్లు వరసగా ఆగాయి. ఓ అధికారి దిగి, లోపల ఎవరున్నారో తెలుసా అని కసురుకున్నాడు.

"ఎవులైతే నాకేటి? పండగ పండగే," అంది దేముడమ్మ.

వెనక కారులోంచి ఓ పెద్దాయన దిగి, ఖాళీ జేబులు తడుముకుని నవ్వేశాడు. ఆడవాళ్లు ఆయన్ని వరసలోకి లాగి, ఓ చుట్టు ఆడించి వదిలారు.

కార్లు బడివైపు తిరిగాక తెలిసింది, ఆయన ఢిల్లీలో చదువుల మంత్రి అని. దేశంలో పిల్లల పలక నుంచి పళ్లెం దాకా ఆయన మాటే చెల్లుతుందట. తన వంటపని పోయినట్టేననుకుంది దేముడమ్మ. బొంగు పొదల్లో పారేసి అక్కడే కూలబడింది.

సాయంత్రం తిరిగొచ్చిన కార్లు, అడ్డమేమీ లేకపోయినా ఆగాయి. మంత్రి దిగి హిందీలో ఏదో అడిగాడు.

"బొంగేదీ అంటున్నారు," అన్నాడు పొద్దున కసిరిన అధికారి, నసుగుతూ. "బడిలో పిల్లల దగ్గర థింసా నేర్చుకున్నారట."

దేముడమ్మ గుండెల మీంచి బండ దిగిపోయింది. బొంగు లాక్కొచ్చి రోడ్డుకు అడ్డం పెట్టింది.

"పొద్దున్న అడుగు తప్పేసినారు బాబూ," అంది. "ఇప్పుడు సరిగ్గా ఆడితేనే ఎల్లనిత్తాం."