ముద్ర లేని తెర

ఒసాకాలో కురోసె వారి బట్టల దుకాణం గుమ్మానికి నీలం తెర వేలాడేది. దాని మీద రెండు ఈకల ముద్ర. ఆ తెర కిందికి ఇహెయి పదకొండో ఏట పనికి వచ్చాడు. యజమాని కురోసెకి అప్పుడు ఇరవై రెండు. నూలు బేళ్లు తనే మోసేవాడు, ఇహెయి పక్కనే కూర్చుని అన్నంలో టీ పోసుకుని తినేవాడు.

"ఇరవై ఏళ్లు నమ్మకంగా చెయ్యరా. నా తెర పంచిస్తా. ఇదే ముద్రతో నీ దుకాణం నువ్వు పెట్టుకుందువుగాని," అన్నాడు.

గుమస్తా బతుక్కి అంతకు మించిన వరం లేదు. అది దక్కేదాకా పెళ్లి మాట కూడా ఎత్తకూడదు. ఇహెయి నోరు కట్టుకుని పని చేశాడు. ఇరవై ఏళ్లూ నిండాయి.

"మిల్లు నిలబడనీరా," అన్నాడు కురోసె. మిల్లు నిలబడింది. "ఓడలు రానీ," అన్నాడు. ఓడలొచ్చాయి, బొగ్గు గనులొచ్చాయి, బ్యాంకూ వచ్చింది. వ్యాపార చక్రవర్తి అని పత్రికలు రాశాయి. ఆ మిల్లుకి పత్తి కోసం కాళ్లరిగేలా తిరిగిందెవరో ఏ పత్రికా రాయలేదు. ఎందుకు రాస్తుంది!

నలభయ్యో ఏట ఇక ఆగలేక ఇహెయి ఒతొకును పెళ్లి చేసుకున్నాడు. ఆమె వస్తూనే, రాబోయే తమ దుకాణం తెరకని మంచి గుడ్డ కొని, ముద్ర కోసం నడుమ గుండ్రంగా తెల్లని చోటు వదిలించి, నీలం అద్దకం వేయించింది. ఏటా వానలు వెలిశాక పెట్టెలోంచి తీసి ఎండలో వేసేది.

"ఏం ఒతొకూ, ఆ గుడ్డకి ఎండే గానీ గుమ్మం రాసిపెట్టి లేదా?" అని పొరుగావిడ మూతి తిప్పేది.

ఇహెయికి యాభై రెండేళ్లప్పుడు కురోసె రాతి భవనం కట్టాడు. ఇహెయి ధైర్యం చేసి పై అంతస్తుకి వెళ్లి, నేలకు తల ఆన్చాడు. "అయ్యగారూ, నా తెర..."

కురోసె నవ్వేశాడు. "ఇంకా ఏ కాలంలో ఉన్నావురా! ఇది కంపెనీ. వాటాదార్లున్నారు. ముద్ర పంచడానికి ఇప్పుడది నాది కాదు. తెరలూ గిరలూ లేవింక. గోదాములో మంచి ఉద్యోగం ఇప్పిస్తాలే. లే, మోకాళ్లు నొప్పెడతాయి."

ఒతొకు విని మండిపడింది. "నలభై ఏళ్లు గొడ్డుచాకిరీ చేయించుకుని ఇప్పుడు వాటాదార్లా? నా వాటా ఏదని అడగలేకపోయారా?"

"మాటిచ్చినప్పుడు మేమిద్దరమేగా ఉన్నాం. సాక్ష్యం ఎవర్ని పిలవను?" అన్నాడు ఇహెయి.

మూడేళ్లకి కురోసె పోయాడు. భవనం చుట్టూ నలుపు తెలుపు చావు తెర కట్టాలన్నారు, మీద రెండు ఈకల ముద్రతో. కుర్ర మేనేజరొకడు గోదాముకి పరుగెత్తుకొచ్చాడు.

"తాతగారూ, ఆ ముడులు మీ పాతవాళ్లకే వచ్చట. మీరే కట్టాలి."

ఇహెయి నిచ్చెనెక్కాడు. నలభై నాలుగేళ్లు ఎదురుచూసిన ముద్ర చేతికొచ్చింది. వంకర పోకుండా నిటారుగా కట్టాడు. ఊరి పెద్దలంతా దాని కిందుగా తలలు వంచుకుని లోపలికి వెళ్లారు.

ఇంటికొచ్చాక ఒతొకు అడిగింది. "సరిగ్గా కట్టారా?"

"కట్టాను."

"పోన్లెండి. మీ చేత ఒక్క తెరైనా కట్టించుకునే పోయాడు, మహానుభావుడు."

ఆమె పెట్టె తెరిచి నీలం గుడ్డ తీసింది. నేల తుడవడానికి పనికొస్తుందంటూ కత్తెర పట్టుకుంది. ఇహెయి కత్తెర తిన్నగా సాగేలా, రెండో కొస బిగించి పట్టుకున్నాడు.